అందరినీ అడిగితే ఎవరికీ నామోషీ కాదు

పోయిన నెల మా ఆయన పీఎంఈకి వెళ్ళొచ్చారు. గోదావరిఖనిలో, గని మీద బతికే ఇళ్ళలో ఈ మాట తెలియనివాళ్ళు ఉండరు. కళ్ళు, చెవులు, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష అన్నీ కొన్నేళ్ళకోసారి తప్పనిసరి. నేను ఆసుపత్రికి పోయినా బీపీ, షుగర్ చూడకుండా పంపరు. హెచ్‌ఐవీ పరీక్ష మాత్రం నాకు చివరిసారి చేసింది మా చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు. వాడిప్పుడు ఇంటర్.

గర్భిణులందరికీ పరీక్ష పెట్టడం మంచి పనే. తల్లికి వేళకు మందులిస్తే బిడ్డకు సోకకుండా దాదాపు ఆపొచ్చు. మరి బిడ్డ పుట్టాక తల్లి ప్రాణానికి విలువ తగ్గిపోతుందా?

మాకు తెలిసిన ఒకామె ఉంది. ఎవరో చెప్పను. ఆమె భర్త నెలల తరబడి దగ్గాడు. బొగ్గు దుమ్ము అన్నారు అందరూ, మేమూ అన్నాం. చివరికి టీబీ అని తేలింది. టీబీ వచ్చినవాళ్ళకు హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు కాబట్టి అదీ బయటపడింది. తర్వాత ఆమెకూ. ఇద్దరూ ఇప్పుడు మందులు వాడుతూ బాగానే ఉన్నారు. కానీ రెండేళ్ళ ముందే ఎవరైనా అడిగి ఉంటే ఆయన అంత చిక్కిపోయేవాడా? ఆమెకు సోకేదా?

"మన దగ్గర ఎక్కడుందమ్మా" అంటారు. 2021 నాటి నాకో అంచనా ప్రకారం పెద్దవాళ్ళలో దేశం మొత్తం మీద 0.21 శాతం, తెలంగాణలో 0.47 శాతం. అంటే వెయ్యికి దాదాపు ఐదుగురు. బ్రిటన్‌లో వెయ్యికి ఇద్దరు దాటిన ప్రాంతాన్నే ఎక్కువున్న చోటుగా లెక్కగట్టి, ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు మామూలుగానే పరీక్ష చేయిస్తామని అడగమంటారు.

ఇంకో భయం, కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుందని. అది ఉత్త భయమని నేననను. అందుకే పీఎంఈ ఫిట్‌నెస్‌తో దీన్ని ముడిపెట్టకూడదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు, ఉద్యోగానికి ఈ పరీక్షను షరతు చేయకూడదు అంటుందది. నేనడిగేది బలవంతం కాదు. అడగడం. వద్దంటే వద్దు.

అసలు అడ్డం ఇంట్లోనే ఉంది. "ఇద్దరం చేయించుకుందామా" అన్నాను మా ఆయనతో. అన్నం కంచం పక్కకు నెట్టి, "నా మీద అనుమానమా?" అన్నారు. ఆ రాత్రి మళ్ళీ మాట్లాడలేదు. సర్కారు దవాఖానలో ఐసీటీసీ ఉంది, పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. కానీ భార్య అడిగితే అనుమానం, భర్త అడిగితే నింద, ఒంటరిగా పోతే ఎవరు చూశారోనని భయం. అదే నర్సమ్మ షుగర్‌తో పాటు అందరినీ అడిగితే అది ఎవరి మీదా వేలు చూపడం కాదు.

సింగరేణి దవాఖానల్లోనూ, సర్కారు దవాఖానల్లోనూ ఆ ఒక్క ప్రశ్న అందరినీ అడగాలి. పర్మినెంటు కార్మికుడినీ, కాంట్రాక్టు కార్మికుడినీ, లారీ డ్రైవర్‌నీ, ఇంట్లో వంట చేసే మననూ.

వాళ్ళు అడిగేదాకా మనమే అడుగుదాం అక్కా. మూడు రోజులకు మా ఆయన తనే అన్నారు, "ఎప్పుడు పోదాం?" అని. పోయొచ్చాం. ఏం తేలిందని అడగకండి. అది మా ఇద్దరిది.