పోచంపల్లి బొమ్మ, సూరత్ బట్ట

(అంగడి – అవగాహన శీర్షిక)

పండుగ అడ్వాన్సు మంజూరు కాగానే మన ఇళ్ళలో మొదట తయారయ్యేది బట్టల జాబితా. ఆ జాబితాలోనూ సగం మన కోసం కాదు, బంధువులకు పెట్టవలసిన పెట్టుబడి చీరల కోసం. హజీరా, కవాస్ ప్రాంతాలలోని సంస్థలలో పనిచేసే తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో మరొక బాధ్యత కూడ అదనం. వేసవి సెలవులకు స్వగ్రామం వెళ్ళబోతున్నారని తెలియగానే అటునుండి ఉత్తరమో ఫోనో వస్తుంది: “సూరత్‌లో చవక కదా, ఒక పది చీరలు పట్టుకొని రండి!” ఆ చవకదనం ఎక్కడ పుడుతున్నదో, దాని మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారో ఈ నెల శీర్షికలో కొంత వివరంగా చూద్దాం.

సూరత్ నుండి ముంబాయి వైపు వెళ్ళే రైలు మార్గంలో ఉధ్నా, భేస్తాన్ స్టేషన్లు దాటిన పిమ్మట వచ్చేది సచిన్. సూరత్ నగరానికి దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్ల దూరం. క్రికెట్ అభిమానులైన పిల్లలు ఆ బోర్డును చూసి కేరింతలు కొట్టడం సహజమే గాని, ఈ ఊరి పేరు ఆ ఆటగాడి కంటె చాల పాతది. 1791లో ఏర్పడిన ఒక చిన్న సంస్థానానికి ఇది రాజధాని. జంజీరా నుండి వచ్చిన, ఆఫ్రికా మూలాలు గల సిద్దీ నవాబులు దీనిని పాలించారు. 1931లో విడుదలైన తొలి భారతీయ టాకీ “ఆలం ఆరా” కథానాయిక జుబేదా ఈ నవాబు కుమార్తె అని చెబుతారు. ఆమె తరువాత హైదరాబాదుకు చెందిన ధన్‌రాజ్‌గిర్ సంస్థానాధీశుని వివాహమాడారు. అంటే సచిన్‌కు, మనకు బంధుత్వం ఈనాటిది కాదన్నమాట!

నేటి సచిన్‌లో నవాబుల వైభవం వెదకబోతే దొరికేది తక్కువ. కనిపించేది గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థవారి విశాలమైన పారిశ్రామిక వాడ, దాని పక్కన ప్రత్యేక ఆర్థిక మండలి, వాటినిండా నేత మిల్లులు, అద్దకపు మిల్లులు. 2020లో ఈ ఊరు సూరత్ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఇక్కడి వీధులలో నడిచేవారికి ఊరి గుర్తు కంటికన్న ముందు చెవికి తెలుస్తుంది. రేయింబవళ్ళు ఆగని మరమగ్గాల చప్పుడే ఆ గుర్తు.

ఇక్కడ తయారయ్యే బట్టలో అత్యధిక భాగం పాలియెస్టరు. నూలు పురి పెట్టడం ఒకచోట, పడుగు చుట్టడం మరొకచోట, నేత ఇంకొకచోట. నేసిన బట్ట రంగు లేకుండా తెల్లగా, కొంచెం మురికిగా దిగుతుంది. దానిని “గ్రే” అంటారు. ఆ గ్రే థానులు అద్దకపు మిల్లుకు చేరి, రంగు, బొమ్మ, మెరుగు పొంది, రింగురోడ్డులోని టోకు మార్కెట్లకు తరలుతాయి. అక్కడితో చీర పూర్తి కాదు. అంచుకు లేసు కుట్టడం, మెరుపు రాళ్ళు అంటించడం, వెనుకవైపు వేలాడే దారాలు కత్తిరించడం వంటి పనులు మూటలుగా ఇళ్ళకు వెళ్తాయి. వంట ముగించుకున్న గృహిణులు, బడి నుండి వచ్చిన ఆడపిల్లలు గుమ్మం దగ్గర కూర్చొని ఆ పని చేస్తారు. కూలి గంటకు కాదు, చీరకు లెక్క. మనం దుకాణంలో “ఇంత పనితనం ఇంత తక్కువకా!” అని ఆశ్చర్యపడుతున్నప్పుడు ఆ ఆశ్చర్యానికి సమాధానం ఆ గుమ్మాల దగ్గర ఉన్నది.

ఆ గుమ్మాలలో కొన్ని తెలుగువారివి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే భివండీ, షోలాపూర్, సూరత్‌లకు వలస వచ్చాయి. చేతిమగ్గం మీద కడుపు నిండకపోవడమే ఈ వలసలకు మూలం. సూరత్‌లో లింబాయత్ పరిసరాలకు వెళ్తే తెలుగు పలకరింపులు వినిపిస్తాయి, బతుకమ్మలు పేరుస్తారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడపవలసినంత జనాభా ఇక్కడ మనవారిది. వీరితోపాటు ఒడిశాలోని గంజాం జిల్లా నుండి, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి వచ్చిన కార్మికులు కూడ వేల సంఖ్యలో ఈ మగ్గాల మధ్య పన్నెండేసి గంటలు నిలబడుతున్నారు. ప్రమాదాలూ లేకపోలేదు. 2022 జనవరి 6న తెల్లవారుజామున సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకరు నుండి కాలువలోకి వదిలిన రసాయన వ్యర్థాల విషవాయువు పీల్చి ఆరుగురు కార్మికులు మరణించారు. వారు పక్కనే ఉన్న అద్దకపు మిల్లులో పని చేస్తున్నవారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సూరత్ మార్కెట్లలో “పోచంపల్లి” అన్న పేరుతో చీరలు కుప్పలుగా దొరుకుతాయి. “పటోలా” కూడ దొరుకుతుంది, “కలంకారీ” కూడ దొరుకుతుంది. వీటిలో చాలవాటికి పోచంపల్లితోగాని, పాటన్‌తోగాని, పెడనతోగాని ఏ సంబంధమూ లేదు. అవి సచిన్ వంటి చోట్ల పాలియెస్టరు మీద వేసిన అచ్చు బొమ్మలు. డిజిటల్ అద్దకపు యంత్రాలు వచ్చిన తరువాత ఈ పని మరీ సులభమైపోయింది. అసలు చీరను ఒకసారి స్కానరు కింద పెడితే చాలు, ఆ బొమ్మ కొద్ది రోజులలోనే వేల మీటర్ల బట్ట మీదికి ఎక్కుతుంది. ఇందులో గుజరాతీలు, తెలుగువారు అన్న భేదం లేదు. పాటన్‌లో తరతరాలుగా పటోలా నేసే సాల్వీ కుటుంబాలకు జరుగుతున్నది, పోచంపల్లి నేతగాండ్రకు జరుగుతున్నది ఒకటే.

పోచంపల్లి చీర తయారయ్యే విధం తెలిస్తే ఈ నష్టం ఎంతటిదో బోధపడుతుంది. అక్కడ బొమ్మను బట్ట మీద వేయరు, నేతకు ముందే దారం మీద వేస్తారు. రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో దారాన్ని గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ వేరొక చోట కట్టి, వేరొక రంగులో ముంచుతారు. దీనినే చిటికి అంటారు. ఈ కట్టుకు ముందు పేక దారాన్ని అర్ధచంద్రాకారపు చట్రం మీది మేకులకు అటూ ఇటూ చుట్టే పనిని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడించవలసి ఉంటుందని లెక్క. ఇంటి ఇల్లాలి భుజం మీద పడే భారమిది. తల్లి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం అనే నేతకారుడు 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి, దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో వారికి పద్మశ్రీ లభించింది. 2019లో వారి జీవితం చలనచిత్రంగా వచ్చింది. ఇంత శ్రమతో పుట్టిన బొమ్మ సూరత్‌లో అచ్చుబొమ్మగా మారి మూడు నాలుగు వందల రూపాయలకు అమ్ముడుపోతుంటే, అసలు చీర ధర చెప్పగానే కొనేవారు నవ్వి వెళ్ళిపోతారు. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినా, నకలు వేసిన మిల్లును వెదకి, న్యాయస్థానానికి లాగే ఓపిక, డబ్బు ఏ నేత సహకార సంఘానికి ఉంటాయి?

ఈ కథలో మరొక విచారకరమైన మలుపు ఉన్నది. మగ్గం గిట్టక ఊరు విడిచిన చేనేత కుటుంబపు బిడ్డడు సూరత్‌లో మరమగ్గం నడుపుతాడు. అతను నేసిన గ్రే మీద అతని సొంత ఊరి బొమ్మ అచ్చు పడుతుంది. ఆ చీర తిరిగి మన సంతలకు వచ్చి, ఊరిలో మిగిలిన ఒకటి రెండు మగ్గాలకు పోటీ అవుతుంది. దీనికి ఆ కార్మికుని నిందించలేము, పది చీరలు చవకగా కావలసిన మధ్యతరగతి గృహిణినీ నిందించలేము. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండుగకు చీరలు పంచినప్పుడు వ్యవధి చాలక కొంత భాగాన్ని సూరత్ నుండి తెప్పించింది. నాసిరకమని పలుచోట్ల స్త్రీలు ఆగ్రహించి వాటిని తగులబెట్టారు. అదే సంవత్సరం అక్టోబరులో వరంగల్ సమీపాన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండీలకు వెళ్ళినవారిని వెనుకకు రప్పించడం దాని ఉద్దేశాలలో ఒకటిగా ప్రకటించారు.

టోకు మార్కెట్టుకు భిన్నంగా మరొక విధమైన అంగడి ఇటీవల నగరాలలో పెరుగుతున్నది. అది స్వతంత్ర డిజైనర్ల, చేతివృత్తులవారి ప్రదర్శన-విక్రయం. ఢిల్లీలో 1994లో ప్రారంభమైన దిల్లీ హాట్ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ దుకాణాలు శాశ్వతం కావు, కళాకారులు పక్షం రోజులకొకసారి మారుతుంటారు. మన హైదరాబాదులోని శిల్పారామం ఎరుగనివారు లేరు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ, హైదరాబాదుకు 1995లో వచ్చిన నిఫ్ట్ వంటి విద్యాలయాల నుండి బయటికి వచ్చిన యువతీయువకులు నేతగాండ్రతో కలిసి పనిచేసి, ఒక్కొక్క రకం పది ఇరవై మాత్రమే తయారు చేయించి, తామే బల్ల వెనుక నిలబడి అమ్ముకుంటారు. సూరత్‌లో కూడ నవరాత్రులకు ముందు, దీపావళికి ముందు, పెళ్ళిళ్ళ కాలంలోను కల్యాణ మండపాలలో, హోటళ్ళలో ఇటువంటి ప్రదర్శనలు జరుగుతుంటాయి. సచిన్ పరిసరాలలో నివసించేవారు ఒక సాయంత్రం వెచ్చించి చూసి రావచ్చు.

అయితే అక్కడ బల్ల వెనుక నిలబడిన ప్రతివారూ తయారీదారు కారు. రింగురోడ్డులో సెట్టుగా కొన్న సరుకును, మంచి చీటీ కట్టి, రెండింతల ధరకు “డిజైనర్” పేరుతో అమ్మేవారూ ఉంటారు. వీరిని కనిపెట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉన్నది. “ఇదే డిజైనులో వేరే రంగులు ఉన్నాయా అమ్మా?” అని అడగండి. కింద నుండి మూట విప్పి సరిగ్గా అదే బొమ్మను ఎనిమిది రంగులలో పరచితే అది మిల్లు సరుకని చాల వరకు అనుకోవచ్చు. నిజంగా నేయించినవారు మాత్రం ఆ ప్రశ్నకు కొంచెం నొచ్చుకొని, ఇది ఎవరు నేశారో, ఎన్నాళ్ళు పట్టిందో, ఈ రంగు ఎందుకు కుదరలేదో చెప్పడం మొదలుపెడతారు. ఆ కబుర్లు తప్పక వినండి. ధరలో కొంత భాగం వాటికే.

ఇక పరీక్షల సంగతి. ఇకత్ చీరను తిరగవేసి చూడండి. అసలైనదానికి రెండు వైపులా రంగు ఒకే గాఢతతో ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదరి, ఈకల వలె కనిపిస్తాయి. అచ్చు వేసినదానికి వెనుకవైపు వెలవెలబోతుంది, అంచులు కత్తితో కోసినట్లు ఉంటాయి. కొంగు చివర నుండి ఒక దారం లాగగలిగితే సందేహమే ఉండదు. ఇకత్ దారం మీద రంగు చుట్టూ పట్టి, ముక్కముక్కకు మారుతుంది. అచ్చు బట్ట దారంపై ఒక పక్క రంగు, మరొక పక్క తెలుపు కనిపిస్తాయి. అదే దారాన్ని నిప్పుకు చూపితే నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పట్టయితే వెండ్రుకలు కాలిన వాసన వస్తుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూస కడుతుంది. అమ్మేవారి అనుమతితో, బట్టలకు దూరంగా ఈ పరీక్ష చేయవలెనని వేరే చెప్పనవసరం లేదు. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టుకు సిల్క్ మార్క్ చీటీలు ఉన్నాయేమో చూడడం కూడ మంచిది.

జరీ విషయంలో మాత్రం సూరత్‌ను మెచ్చుకోక తప్పదు. ఈ నగరపు జరీ పనికి కూడ భౌగోళిక గుర్తింపు ఉన్నది. మన చీరలలో మెరిసే జరీలో ఎంతో భాగం ఇక్కడినుండి వచ్చినదే. అందులోనూ తరతమ భేదాలున్నాయి. పట్టు దారానికి వెండి రేకు చుట్టి బంగారు పూత పూసినది అసలు జరీ, రాగి తీగకు వెండి పూత పూసినది నకిలీ జరీ, లోహపు పూత గల ప్లాస్టిక్ రేకు మూడవది. ఈ మూడవది తేలిక, చవక, నల్లబడదు. రోజువారీ చీరకు దానిని తప్పు పట్టనవసరం లేదు. అసలు జరీ ధర తీసుకొని దీనిని అంటగడితేనే మోసం. పాత పట్టుచీరల జరీ కొనేవారు వీధిలోకి వచ్చేది ఎందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

పెట్టుబడి చీరలకు సూరత్ పాలియెస్టరు కొనవద్దని ఈ వ్యాసకర్త చెప్పబోవడం లేదు. ఉతకడానికి తేలిక, ఇస్త్రీ అక్కరలేదు, పొలానికి వెళ్ళే వదినకు, వంటింట్లో నిలబడే అక్కకు అదే సుఖం. టోకు మార్కెట్టులో ఒక్క చీర అమ్మరు, సెట్టు మొత్తం తీసుకోవలెను. కాబట్టి క్వార్టర్సులో నలుగురు కలిసి వెళ్ళి పంచుకోవడం ఉత్తమం. అక్కడ బేరం ఎంతైనా ఆడండి, అది వారికీ అలవాటే. నేతగాని బల్ల దగ్గర మాత్రం కొంచెం చేయి బిగపట్టండి. కొన్న చీరను పంచేటప్పుడు “ఇది సూరత్ చీర” అనే ఇవ్వండి. “పోచంపల్లి” అని ఇస్తే, పుచ్చుకున్నావిడ రేపు అసలు పోచంపల్లి ధర విని అమ్మేవాడిని దొంగ అనుకుంటుంది.

అసలు ఇకత్ నూలు చీర కొన్నవారు మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్ళలో, ఎండ తగలని చోట ఆరవేయండి. జరీ చీరను పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టి, రెండు మూడు నెలలకొకసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.