కూలబడ్డ రెండు రాకెట్లు

రాకెట్టు దిగబోయి పేలిపోయే వీడియో వేసి, "చూశారా, వీళ్లు ఫెయిలవడానికి భయపడరు, అందుకే గెలిచారు" అనే ప్రెజెంటేషను మన ఫీల్డులో ఉన్నవాళ్లు ఒక్కసారైనా చూసే ఉంటారు. స్పేస్ఎక్స్ వాళ్లే 2017 సెప్టెంబరులో తమ రాకెట్లు కూలిన దృశ్యాలన్నీ గుదిగుచ్చి, తమ మీద తామే జోకులేసుకుంటూ ఒక వీడియో వదిలారు కాబట్టి స్లైడ్లు చేసేవాళ్లకి పని ఇంకా తేలికైపోయింది. నాకు ఆ వీడియో అంటే ఇష్టమే. దాన్నించి మనవాళ్లు లాగే నీతితోనే నా పేచీ.

అంతకన్నా పాత కథ ఒకటుంది. మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీ డీసీ-ఎక్స్ అని ఒక రాకెట్టు చేసింది. నిలువుగా లేచి, గాల్లో కాసేపు ఆగి, పక్కకి జరిగి, మళ్లీ నిలువుగానే కాళ్ల మీద దిగేది. 1993 ఆగస్టులో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో మొదటిసారి ఎగిరింది. తర్వాత నాసా చేతికొచ్చి డీసీ-ఎక్స్ఏ అయింది. 1996 జూన్‌లో ఒకసారి ఎగిరిన 26 గంటలకే మళ్లీ ఎగిరింది! ఆ జులై 31న కూడా ఎగరడం బానే ఎగిరింది, కిందకి రావడమూ బానే వచ్చింది. నాలుగు కాళ్లలో ఒకటి మాత్రం తెరుచుకోలేదు. దానికి వెళ్లాల్సిన హీలియం గొట్టం తగిలించలేదు, అంతే. రాకెట్టు పక్కకి ఒరిగి, ఆక్సిజను ట్యాంకు పేలి తగలబడిపోయింది. ఉన్నది అదొక్కటే. ఇంకోటి కట్టడానికి డబ్బుల్లేవు. ప్రోగ్రాం మూతపడింది.

దాదాపు ఇరవయ్యేళ్ల తర్వాత, 2016 జనవరి 17. ఫాల్కన్ 9 కాలిఫోర్నియా నించి జేసన్-3 ఉపగ్రహాన్ని పంపించి, పసిఫిక్‌లో బార్జి మీద దిగింది. దీనికీ నాలుగు కాళ్లే. ఒకదాని లాకు పడలేదు. ఒరిగింది, పేలింది. మూడు నెలలు తిరక్కుండా, ఏప్రిల్ 8న, ఇంకో ఫాల్కన్ బార్జి మీద నిలబడింది.

రెంటికీ కాలే జబ్బు. ఒకటి చచ్చిపోయింది, ఒకటి బతికింది. డీసీ-ఎక్స్ వాళ్లకి ధైర్యం లేకనా? అదేం కాదు. జేసన్-3 అప్పటికే పైకి వెళ్లిపోయింది. కస్టమరు పని అయిపోయింది. కింది భాగం ఎలాగూ సముద్రంలో పారేసేదే, దాంతో దిగే ప్రయత్నం చేశారు. పోతే పోయింది. ఫ్యాక్టరీలో తర్వాతి రాకెట్టు తయారవుతూనే ఉంది. పైగా పడ్డ ప్రతిసారీ ఎందుకు పడిందో చెప్పగలిగేంత డేటా ఉండేది. 2015 జనవరిలో రెక్కల్ని తిప్పే హైడ్రాలిక్ ఆయిలు చివర్లో అయిపోయింది, తర్వాతి దాంట్లో 50 శాతం ఎక్కువ పెట్టామన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంజను వాల్వు ఒకటి ఆలస్యంగా కదిలింది. మన భాషలో చెప్పాలంటే లాగ్స్ ఉన్నాయి, బ్యాకప్ ఉంది, యూజరుకి దెబ్బ తగల్లేదు.

యూజరుకి దెబ్బ తగిలినప్పుడు ఇదే కంపెనీ ఏం చేసిందో ఆ స్లైడ్లలో ఉండదు. 2015 జూన్ 28న అంతరిక్ష కేంద్రానికి సామాన్లు తీసుకెళ్తూ ఫాల్కన్ 9 గాల్లోనే ముక్కలైంది. అప్పుడు జోకుల వీడియో లేదు. దాదాపు ఆర్నెల్లు ఒక్క రాకెట్టు కూడా ఎగరేయలేదు. హీలియం సిలిండరుని పట్టుకునే చిన్న ఊతకడ్డీ విరిగిందని తేల్చుకుని, డిసెంబరులో గానీ మళ్లీ ఎగరలేదు. (ఆ డిసెంబరులోనే మొదటిసారి నేల మీద సరిగ్గా దిగింది, అది వేరే సంగతి.)

స్టార్‌షిప్ విషయంలో మాత్రం నేను వాళ్లని మెచ్చుకోలేను. 2025 జనవరిలో ఏడో టెస్టులో పై భాగం పేలి, శకలాలు టర్క్స్ అండ్ కైకోస్ దీవుల మీదుగా రాలాయి. విమానాల్ని దారి మళ్లించాల్సొచ్చింది. మార్చిలో ఎనిమిదో టెస్టులో మళ్లీ అదే వరస. సొంత బార్జి పగలగొట్టుకోవడం వేరు, ఎవరో ఎక్కిన విమానం దారిలో ఇనుము పోయడం వేరు.

ఇక మన సంగతి. నేను పూర్వం పనిచేసిన ఒకచోట మీటింగు రూములో "ఫెయిల్ ఫాస్ట్" అని పెద్ద పోస్టరు ఉండేది. ఉన్నది ఒకే ప్రొడక్షను డేటాబేసు, టెస్టింగుకి సరైన సర్వరు అడిగితే బడ్జెట్ లేదనేవారు. అంటే డీసీ-ఎక్స్ఏ లాగా ఒకే ఒక్క రాకెట్టు! రెండేళ్ల అనుభవమున్న కుర్రాడొకడు, తనకిచ్చిన స్క్రిప్టునే శుక్రవారం రాత్రి రన్ చేశాడు. ఒక టేబులు పోయింది. సోమవారం అదే రూములో, అదే పోస్టరు కింద, మొదటి ప్రశ్న "ఎవరు రన్ చేశారు?" ఆ పేరు పెట్టి పైవాళ్లందర్నీ సీసీలో వేసి మెయిలు వెళ్లింది. నెల తిరక్కుండా అతన్ని బెంచి మీద కూర్చోబెట్టారు. బ్యాకప్ నించి రిస్టోర్ చేయడం అంతకుముందు ఒక్కసారి కూడా ప్రయత్నించి చూడలేదన్న ముక్క ఆ రిపోర్టులో నాలుగో పేజీలో, ఒక్క లైనులో ఉంది.