రెండేళ్ళ కోటకైనా నేల వేయాలి

పోయిన ఏడాది నవంబరులో మా తొమ్మిదో తరగతికి ఒక అబ్బాయి వచ్చాడు. నవంబరులో చేరే పిల్లల సంగతి మీకు నేను చెప్పాలా? అప్పటికే జట్లు కట్టేసి ఉంటాయి, బెంచీలు నిండిపోయి ఉంటాయి, సిలబస్‌లో మనకి వచ్చింది ఇక్కడ మొదలుపెడతారు, రానిది ముందే ముగించేసి ఉంటారు. తెలుగు పీరియడ్‌లో "మీకు బాగా ఇష్టమైన చోటు" అని వ్యాసం ఇచ్చాను. అందరూ అమ్మమ్మగారి ఊరో, వెనకటి క్వార్టర్సో రాస్తే, ఇతను "ఫార్బేన్ అడవి" అని రాశాడు. ఆరు పోస్టింగులు తిరిగినదాన్ని, నాకు తెలియని అడవి ఏ రాష్ట్రంలో ఉందబ్బా అనుకున్నాను.

అది కంప్యూటర్ ఆటలో అడవట. ఆట పేరు వీ రైజింగ్. స్వీడన్‌లోని స్టన్‌లాక్ స్టూడియోస్ వాళ్ళు 2022 మేలో ముందస్తుగా విడుదల చేసి, 2024 మేలో పూర్తి రూపంలో తెచ్చారు. వందల ఏళ్ళు నిద్రపోయి లేచిన రక్తపిశాచి మీరు. ఒంట్లో బలం లేదు, చేతిలో ఆయుధం లేదు, ఇల్లు లేదు. రాళ్ళు కొట్టి, కట్టెలు నరికి, కోట కట్టుకుని, ఒక్కొక్క శత్రువునీ ఓడిస్తూ చివరికి డ్రాకులా దాకా వెళ్ళాలి.

పిల్లల వ్యాసం దిద్దాలంటే విషయం తెలియాలి కదా, సంక్రాంతి సెలవుల్లో నేనూ ఆడాను. మొదటి పొద్దునే ఎండలో కాలి బూడిదయ్యాను. అందుకే మొదటి సలహా ఇదే: నీడ చూసుకుని నడవండి. సూర్యుడు కదిలేకొద్దీ చెట్టు నీడా కదులుతుంది, ఒకచోట నించుంటే కుదరదు. కొత్తవాళ్ళు కట్టెల కోసం కోట చుట్టూ చెట్లన్నీ నరికేస్తారు. తర్వాత పగలు గడప దాటలేరు. నేనూ అదే చేశాను.

రెండో సంగతి రక్తం. (బాగా చిన్న తరగతులవాళ్ళు ఇక్కడితో పేజీ తిప్పేయండి. ఆట మీద వయసు గుర్తు ఉంటుంది, అది ఊరికే వేయరు.) ఎదురొచ్చే ప్రతి ప్రాణికీ రక్తం రకం, నాణ్యత శాతం కనిపిస్తాయి. కూలివాడి రక్తం తాగితే రాళ్ళూ కట్టెలూ ఎక్కువ దొరుకుతాయి, జంతువు రక్తానికి పరుగు పెరుగుతుంది, యోధుడి రక్తానికి దెబ్బ పెరుగుతుంది. అయితే కొత్తది తాగగానే పాతది పోతుంది. మంచి రక్తం దొరికాక దారిలో కనపడిన ప్రతివాడి మెడా పట్టుకోకండి. కట్టెకి గొడ్డలి, రాయికి గద వాడండి. ఈ ఆటలో అనుభవంతో స్థాయి పెరగదు, మీ ఆయుధాలూ కవచాలూ ఎంతో మీ స్థాయి అంత. తెల్ల తోడేలు బాస్‌ని తొందరగా ఓడిస్తే తోడేలుగా మారి పరిగెత్తడం వస్తుంది, సగం నడక తప్పుతుంది.

ఇంకో ముచ్చట. సంచిలో సామాన్లు ఒక్క నొక్కుతో వాటి వాటి పెట్టెల్లోకి సర్దే మీట ఉంది, దాని పేరుకి 'లెక్కపెట్టక మానలేకపోవడం' అని అర్థం. ఐరోపా పల్లెల్లో రక్తపిశాచికి గింజలు కనపడితే లెక్కపెట్టకుండా కదలదని నమ్మేవారు, సమాధుల మీద గింజలు చల్లేవారు. ఆ నమ్మకం మీద వేళాకోళం అది. మన బేతాళుడు లెక్కలు పెట్టడు, రక్తం తాగడు, కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. ఒక విధంగా టీచరే.

అసలు విషయం కోట. కోట మధ్యలో 'కాజిల్ హార్ట్' అనే గుండె ఉంటుంది. దానికి రక్తసారం పోస్తూ ఉండాలి. అది అయిపోతే కోట శిథిలం కావడం మొదలవుతుంది. మన అబ్బాయి కోట వెనకటి ఊరి స్నేహితులతో కలిసి అద్దె సర్వర్‌లో కట్టింది. నలుగురు మొదలుపెట్టారు. అలాంటి సర్వర్‌లో మనం ఆడకపోయినా కాలం నడుస్తూనే ఉంటుంది. ఇతను వచ్చేసిన నెలకి ఒకడు మానేశాడు, ఇంకో నెలకి మిగతా ఇద్దరూ మానేశారు. ఇతనొక్కడే రోజూ రాత్రి వెళ్ళి, ఎవరూ లేని కోటలో గుండెకి రక్తసారం పోసి, ఒకసారి గదులన్నీ తిరిగి వచ్చేవాడు. ఆడేవాడు కూడా కాదు. ఈ సంగతి వ్యాసంలో లేదు, నోటుబుక్కులు స్టాఫ్ రూమ్‌కి తెచ్చినప్పుడు చెప్పాడు.

"ఇక్కడ కొత్తది మొదలుపెట్టలేదా?" అన్నాను.

"పెట్టాను మేడమ్. గుండె, రెండు పెట్టెలు. గోడలెందుకు, ఎలాగూ వెళ్ళిపోతాం కదా."

ఇక్కడే నాకు ఒప్పుదల కాలేదు. ఆట నియమాల ప్రకారమే ఒప్పుదల కాలేదు. రంపపు యంత్రాన్నీ కొలిమినీ ఆరుబయట పెడితే పని చేస్తాయి, నిజమే. కానీ వాటిని గోడలూ కప్పూ ఉన్న గదిలో, వాటికి తగిన నేల పరిచి పెడితే పని తొందరగా అవుతుంది, సరుకు తక్కువ ఖర్చవుతుంది. నేల వేయనివాడు ప్రతి పలకకీ ప్రతి కడ్డీకీ ఎక్కువ చెల్లిస్తూనే ఉంటాడు. పైగా కోటని ఇంకో స్థలానికి మార్చుకునే వీలు ఆటలోనే ఉంది.

మూడో పోస్టింగులో నేను రెండేళ్ళు పెట్టెలు విప్పకుండా బతికాను. కర్టెన్లు కట్టలేదు, పక్కింటివాళ్ళ పేరు వెళ్ళే నెలలో తెలిసింది. డబ్బు మిగిలిందా అంటే అదీ లేదు, పెట్టెలో ఉన్న గరిటెలే మళ్ళీ కొన్నాను. స్టోకర్ 1897లో రాసిన డ్రాకులా కూడా ఊరు మారినవాడే. ఇంగ్లండ్‌కి యాభై పెట్టెల్లో సొంత మట్టి తీసుకెళ్ళాడు, అందులో తప్ప నిద్రపోలేడు. ఆ పెట్టెల జాడ పట్టే శత్రువులు అతన్ని తరిమారు. యాభై ఎక్కువ. ఒక్క పెట్టె ఉంచుకోవచ్చు.

ఇంట్లో పెద్దలు ఇదంతా కాలం వృథా అంటారు. పరీక్షల ముందు నేనూ అంటాను. అందుకే నా మాట: అందరూ ఉండే సర్వర్ జోలికి పోవద్దు, మీ కంప్యూటర్‌లో మీరే నడిపే ఆట పెట్టుకోండి. మీరు కట్టేస్తే కాలం కూడా ఆగుతుంది, యూనిట్ టెస్ట్ వారంలో కోట కూలదు.

పాత కోటని వదిలెయ్యమని నేను చెప్పలేదు. అది చెప్పే హక్కు నాకు లేదు. ఫిబ్రవరిలో ఒకరోజు తనే "నిన్న పోయలేదు మేడమ్, మర్చిపోయాను" అన్నాడు. ఆ వారం తెలుగు పీరియడ్‌లో అతనూ పక్క బెంచీ పిల్లవాడూ గుసగుసలాడుతుంటే లేపి నిలబెట్టాను. కొత్త కోట ఎక్కడ కట్టాలన్నది తగువు. ఒకడు రాగి గనికి దగ్గర అంటాడు, ఇతను చెట్లున్న చోట అంటాడు. నన్ను అడిగితే చెట్లున్న చోటే అని చెప్పి, ఇద్దరినీ కూర్చోమన్నాను.