‘అమృతం’ పాతబడినదా?

‘అమృతం’ అను టెలివిజను హాస్య ధారావాహికమునకు కాలము చెల్లినదని మన సంఘ సభ్యులలో పెద్దలు కొందరు, చెల్లలేదని యువకులు కొందరు వాదించుచున్నారు. వాదమునకు కారణము చిన్నదే. సంఘ నిధినుండి తెరపై బొమ్మ చూపు యంత్రమొకటి కొని, నెలకొక ఆదివారము మన పిల్లలకు దీనిని చూపవలెనా వద్దా యనునది తేలవలసియున్నది. డబ్బుతో కూడిన ప్రశ్న గనుక వర్తకుడనైన నేను నోరు మెదపక తప్పదు.

ఎరుగనివారికై రెండు మాటలు. గుణ్ణం గంగరాజు గారు రూపొందించిన ఈ ధారావాహికము 2001 నవంబరు 18వ తేదీన జెమిని టీవీలో ప్రారంభమై 2007 నవంబరు వరకు ఆదివారము రాత్రులు ప్రసారమైనది. మొత్తము 313 భాగములు. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రులు ఇరుగుపొరుగున కాపురముండి ‘అమృత విలాస్’ అను హోటలు నడుపుదురు. నడుపుటకన్న ముంచుటయే అధికము. వారి భార్యలు సంజీవని, శాంత; హోటలు పనివాడు సర్వం; ఇంటి యజమాని అప్పాజీ. అంజిగా గుండు హనుమంతరావు, సర్వముగా వాసు ఇంటూరి, అప్పాజీగా శివన్నారాయణ నటించిరి. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తరువాత నొకరు ధరించిరి. ఆరంభగీతమును రచించినవారు సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు కుటుంబములకు ఇది కేబులు తీగవెంట వచ్చినది. చెన్నపట్టణపు సన్ సంస్థవారి ఛానలు మూలమున మనకు తెలుగు నవ్వు దొరకుట ఒక వింతయే.

దీనియందు పాతబడినది ఏమియు లేదని నేననను. చేతిఫోను అందరి చేతికి రాని దినములలో అల్లిన కథలివి. ఒకడు చెప్పినది వేరొకడు తప్పుగ వినుట, ఒకడెచ్చటనున్నాడో వేరొకనికి తెలియకుండుట, వీనిపైననే అనేకములైన చిక్కులు నడచును. నేటి పిల్లవాడు, “ఒక్క వాట్సాప్ సందేశముతో తీరును గదా” యని యడుగును. భార్య కసరుట, భర్త నక్కుట అను సరుకు మరీ యెక్కువ. ఆనాడు నవ్విన మా యింటి స్త్రీలే నేడు పెదవి విరుచుచున్నారు; ఆ విరుపు న్యాయమే. కడపటి భాగములలో ఊట తగ్గినదని నా తలంపు. 2014లో గంగరాజు గారే ‘చందమామలో అమృతం’ అను చిత్రము తీసి, హోటలును చంద్రమండలమునకు ఎక్కించిరి. హాస్యము మాత్రము భూమిమీదనే నిలిచిపోయినది. 2020 మార్చి 25న, ఉగాదినాడు, ‘అమృతం ద్వితీయం’ జీ5లో వెలువడినది. దేశమంతట లాక్‌డౌను మొదలైనదియు ఆనాడే. 2018లో గుండు హనుమంతరావు గారు గతించుటచే అందులో అంజి పాత్రను ఎల్.బి. శ్రీరామ్ గారు ధరించిరి. ఆయన గట్టి నటుడే. కాని అంజి యనగానే మన కన్నులకు వేరొక ముఖము తోచుచుండగా ఆయన మాత్రమేమి చేయగలరు?

అయినను మూలధారావాహికము నిలిచినదనియే నా తీర్పు. దానికి ఇరుసు హోటలు వ్యాపారము. నేను ఇరువది యేండ్లుగా హోటళ్ళకు బియ్యము, పప్పు, నూనె సరఫరా చేయుచున్నవాడను. పెట్టుబడి చాలక, అనుభవము లేక, ఒకరిక్రింద పనిచేయుటకంటె గల్లాపెట్టె ముందు కూర్చుండుట గౌరవమని తలచి హోటలు తెరచిన భాగస్వాములను ఎందరిని చూచితినో! మొదటి నెల రొక్కము. రెండవ నెల సగము అరువు. మూడవ నెల మన బండి వీధి మలుపు తిరుగగనే యజమాని పెరటి వాకిట మాయమగును. బేరము తగ్గినప్పుడు వంటయింటిని చక్కబెట్టుకొనరు. బోర్డు మార్తురు, పేరు మార్తురు, కొత్త పథకమొకటి వేయుదురు. అమృతరావు, అంజి ఆదివారము ఆదివారము చేయునదిదియే. నేడు మన సిప్‌కాట్ పరిసరముల హోటళ్ళవారు స్విగ్గీకి, జొమాటోకు కమీషను చెల్లించుచు, చేతిఫోనులో నక్షత్రములు లెక్కించుకొనుచున్నారు. మారినది అంతమాత్రమే. అద్దె దినమున అప్పాజీ వచ్చుట మారలేదు. ఆ అప్పాజీయైనను అద్దెకు పట్టుబట్టువాడే గాని దుష్టుడు కాడు. దుష్టుడు లేకుండ, బూతు లేకుండ ఆరేండ్లపాటు నవ్వించుట ఎంత కష్టమో, నేటి టెలివిజను హాస్యములను చూచువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులోను ఇట్టి ప్రశ్న ఒక హోటలు కథను గూర్చియే పుట్టినది. జాన్ క్లీస్, కొనీ బూత్ అను దంపతులు వ్రాసి నటించిన ‘ఫాల్టీ టవర్స్’ను బి.బి.సి. వారు 1975లో ఆరు, 1979లో ఆరు, వెరసి పండ్రెండు భాగములుగ ప్రసారము చేసిరి. రెండవ విడత నాటికి ఆ దంపతులు విడిపోయిరి. నవ్వు మాత్రము విడిపోలేదు. 2020లో, జాతిదూషణ మాటలున్నవని అందలి యొక భాగమును ఒక ప్రసార సంస్థ కొన్నాళ్ళు తొలగించి, పిదప హెచ్చరికతో తిరిగి చేర్చినది. అచ్చట శ్రోత యుండెను, మాట చెడినది. మన చిక్కు వేరు. మాట చెడలేదు, దానిని వినగల శ్రోత తగ్గుచున్నాడు.

పెద్దల వాదములో నాకు తక్కువగ కనబడినది ఈ యంశమే. 2006లో వచ్చిన చట్టము ననుసరించి ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరి పాఠమైనది. ఆనాడు బడిలో చేరిన పిల్లలు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చిరి. తమిళము నేర్చుట నష్టమని నేనెన్నడును అనలేదు; నా బేరము సగము తమిళముననే జరుగును. తెలుగు అక్షరము జారిపోవుటయే నష్టము. ఈ నడుమ కొందరు పిల్లలను కూర్చుండబెట్టి రెండు భాగములు చూపితిని. పడుట, పరుగెత్తుట వచ్చినచోట అందరును నవ్విరి. మాటకు మాట తగిలినచోట, సామెతను విరిచి చెప్పినచోట, నవ్వు పెద్దల వరుసనుండియే వచ్చినది. పిల్లలు మా ముఖములు చూచి, ఒక క్షణము తరువాత నవ్విరి. ఆ యాలస్యపు నవ్వు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనీయలేదు.

పద్యనాటకములు చూపుడనువారికి నా మనవి యొకటి. పద్యమర్థముగాని పిల్లవాడు ఆలస్యముగనైనను నవ్వడు. గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. అదియు వాడుకమాటలలో వ్రాసిన హాస్యమే. కన్యకు వెలకట్టిన ఆనాటి దురాచారము మనలో కానరాదు. గిరీశము మాత్రము ప్రతి వీధిలోను కానవచ్చుచున్నాడు. ‘అమృతం’ దానికి సాటి యని చెప్పు సాహసము నాకు లేదు. ఈ పిల్లలే పెరిగి ‘కన్యాశుల్కము’ చూడవలెనన్నచో ముందు తెలుగు మాటకు వేళకు నవ్వుట నేర్వవలెను గదా.

కావున యంత్రము కొనుడనియే నా సలహా. మొదటి యేటి భాగములే ముందు చూపవలెను. నడుమ ఆపి అర్థము చెప్పరాదు; హాస్యమునకు అంతకన్న విషము లేదు. ఆ తరువాత పిల్లలచేతనే ఉగాదికి ఒక చిన్న ప్రహసనము కట్టించవలెను. అమృత విలాసునకు బదులు బాగలూరు రోడ్డు మెస్సు, అంజికి బదులు డెంకణికోటనుండి దిగిన మేనమామ. హైదరాబాదు తెలుగు గాక, కన్నడమును తమిళమును కలిసిన మన మొరసునాటి తెలుగులోనే మాటలాడవలెను. లిపి రానివారు తమ సంభాషణలను తమిళాక్షరములలో వ్రాసికొనినను పెద్దలు అడ్డుపెట్టరాదు. ఈ మాటకు కొందరు నాపై కినియుదురని ఎరుగుదును. నోట మాట నిలిచిన, అక్షరము మరుసటి సెలవులలో నేర్పవచ్చును.

భాగములన్నియు యూట్యూబులో వెలలేక లభించుచున్నవి; కొనవలసినది యంత్రమొక్కటే. దాని ధరలో నాలుగవవంతు నా అంగడి ఖాతాన వ్రాసికొనుడు. మిగిలిన మూడువంతులకు చందా ఇచ్చువారు, అమావాస్యలోపల కోశాధికారిగారికి తెలుపుదురు గాక.