ఓటు నడుగు మాటలు

2025వ సంవత్సరము నవంబరు మాసమున జూబిలీహిల్సు శాసనసభాస్థానమునకు ఉపయెన్నిక జరిగినప్పుడు, మా తరగతిలోని బాలుడొకడు ప్రచారపు ఆటో మీదినుండి విన్న పాటను విరామసమయమున పాడుచుండెను. ఆ పాటలో వారేమి చేసెదమనిరని మేమడుగగా వాడు తెల్లబోయెను. వరుస మాత్రము ఎచ్చటను తప్పలేదు. ఇదే ప్రశ్న పెద్దల నడిగినను ఇట్టి యుత్తరమే వచ్చునని మా యనుమానము.

ఫిల్మ్‌నగరును జూబిలీహిల్సును నేడు తెలుగు చలనచిత్రములకు నిలయములు. ఇచ్చటి ప్రచారమున సినిమావిద్య చేరుట వింతగాదు. అయితే ఆ విద్యకు గొప్ప యుదాహరణము, పరిశ్రమలో అధికభాగము మద్రాసునందే యున్న దినములలోనిది. నందమూరి తారకరామారావుగారు 1982 మార్చి 29వ తేదీన హైదరాబాదులో తెలుగుదేశము పార్టీని స్థాపించి, తొమ్మిది మాసములు గడచిన పిమ్మట 1983 జనవరి యెన్నికలలో 294 స్థానములకుగాను రెండువందలకు మించి గెలిచిరి. కృష్ణవేషమే గెలిపించెనని పలువురందురు. మాకది సగము మాటగా దోచుచున్నది.

తెలుగువారి ఆత్మగౌరవము అను రెండు మాటల వెనుక నేమున్నదో చూడుడు. 1978 ఎన్నికల తరువాత ఐదేండ్లలోపల రాష్ట్రమునకు నలుగురు ముఖ్యమంత్రులైరి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున ముఖ్యమంత్రి అంజయ్యగారిని రాజీవుగాంధీగారు అందరియెదుట మందలించిరి. ఆ నొప్పిని వక్త పుట్టింపలేదు. అది వినువారి యొద్దనే యుండెను. ఆయన దానికి పేరు పెట్టిరి.

పాత షెవ్రొలే వ్యానునకు చైతన్యరథమని పేరిడి, ఖాకీ దుస్తులు ధరించి ఊరూరు తిరిగిరి. వ్యానని పిలిచియుండినచో అది వ్యానుగానే యుండెడిది. రథమనగానే, 1957లో మాయాబజారున ఆయనను కృష్ణునిగా చూచినవారికి పార్థసారథి స్ఫురించెను. ఆ పోలికను వివరించి చెప్పవలసిన పనిలేకపోయెను. చెప్పని మాటను శ్రోత తానే పూరించుకొని, అది తన సొంత యూహయే యని తలంచును. తన యూహను తానే శంకించువారెందరు?

కిలో బియ్యము రెండు రూపాయలనునది వేరుజాతి మాట. ఆత్మగౌరవమును తూచు త్రాసు లేదు, బియ్యమునకు కలదు. గృహిణి సంచి పట్టుకొని చౌకడిపోకు పోయి ఆ మాట నిజమో కాదో తేల్చుకొనగలదు. 1983లో ఆ పథకము అమలునకు వచ్చెను. ఖజానాకు మోయరాని భారమని వాదించినవారును లేకపోలేదు. అంకెలుండుటచేతనే ఆ వాదమును సాధ్యమయ్యెను.

వేషమే చాలునన్నచో, జూబిలీహిల్సు నివాసియగు చిరంజీవిగారు 2008 ఆగస్టులో తిరుపతియందు ప్రజారాజ్యము పార్టీని ప్రకటించినప్పుడు వచ్చిన జనసముద్రము ఓట్లుగా మారవలసినది. 2009లో వచ్చినవి 18 స్థానములు. 2011లో ఆ పార్టీ కాంగ్రెసునందు కలిసెను. జనము చూడవచ్చుట వేరు, నమ్ముట వేరు.

బడిలో రాజకీయమేల యని తలిదండ్రులలో కొందరడుగుదురు. ఏ పార్టీ మంచిదో చెప్పుట మా పని గాదు, చెప్పము. కాని వ్యాకరణపాఠమున కర్త, కర్మ, క్రియలను విడదీయుట నేర్పుచున్నాము గదా! మార్పు తెత్తుమన్న వాక్యమును బల్లమీద వ్రాసి, తెచ్చువారెవరు, ఏ మార్పు, ఎన్నాళ్లకు అని అడిగినచో తప్పేమి? పదునెనిమిదవయేట వీరికి ఓటు వచ్చును. అప్పుడు నేర్పుటకు మేముండము.

ఆ బాలునిచేత ఆ పాటను బల్లమీద వ్రాయించితిమి. వానికి జ్ఞప్తియున్న పది పంక్తులలో రెండింట మాత్రమే క్రియ కనబడెను. అందొకటి "రండి" అనునది. తరగతియంతయు నవ్వెను. మరునాడు విరామమున వాడు మరల అదే పాట నెత్తుకొనెను. వరుస మంచిదని మేమును ఒప్పుకొనవలసివచ్చెను.