దుష్టపాత్రధారుల తత్త్వము

ఆటలో చేసిన దుష్కార్యము దుష్కార్యమే కాదని వాదించువారు మన నడుమ నానాటికి పెరుగుచున్నారు. ఈ వాదము ప్రాచీనమైనదే. దాని వేషము మాత్రము క్రొత్తది. లోకమందలి వేలకొలది జనులు ఒకేసారి ప్రవేశించి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, కంప్యూటరు తెరపై ఏండ్ల తరబడి నడుపుకొను ఆన్‌లైన్ ఆటలు కలవు. ఆ యాటలలో ఆటగాండ్రు కట్టుకొను జట్టులకు గిల్డులని పేరు. వానిలో కొన్ని బుద్ధిపూర్వకముగా దుష్టపక్షమును స్వీకరించును. దారిదోపిడి, నమ్మకద్రోహము, బలహీనుల వేట వారి వ్రతములు. వారు తాము చేయు పనిని దాచుకొనకపోవుట యటుండగా, దానికొక తత్త్వమును గూడ కల్పించి ప్రకటించుచున్నారు. బెజవాడలో మేము చదువు చెప్పు పిల్లలు సయితము "ఆటేగదా, మాస్టారూ!" యని ఆ తత్త్వమునే వల్లించుచుండగా వినుచున్నాము. గావున దానిని విమర్శించుట మా విధియని యెంచుచున్నాము.

ముందుగా వారి వాదమును పూర్తిగా వినవలయును. ప్రతివాదిని బలహీనునిగా చూపి ఓడించుట విమర్శ కానేరదు. దీని పుట్టుక అమెరికాలో. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ప్రకటించిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటలో, బల్ల చుట్టు కూర్చున్నవారు తలకొక పాత్ర ధరించి కథ నడుపుదురు. ప్రతి పాత్రకును ఒక శీలము నేర్పరచుట ఆ యాట పద్ధతి. ఆ శీలములలో దుష్టత్వమును చేరినది. అందును కట్టుబాటునకు లోబడిన దుష్టత్వమని, కట్టుబాటు లేని దుష్టత్వమని భేదములు పుట్టినవి. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు ఇట్టి యాటను కంప్యూటరులోనికి తెచ్చి, పలువురు ఒకేసారి ఆడునట్లు చేసిరి. ఆ బార్టిలే 1996లో వ్రాసిన యొక వ్యాసమున ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించి, తోడివారిపై పైబడుటయే ఆనందముగా గలవారిని ఒక తెగగా లెక్కించెను.

ఈ తెగవారు చెప్పుకొను వాదములు మూడు. ప్రతినాయకుడు లేనిచో నాయకుడే లేడు, భయము లేని లోకమున కథ పుట్టదు, గావున తాము చేయునది ఉపకారమే యనుట మొదటిది. ఆట నియమములు తమ్ము నిషేధింపలేదు, ఆటలో అడుగిడిన ప్రతివాడును ఆ నియమముల కొప్పుకొనినవాడే యనుట రెండవది. చేసినది పాత్రయే గాని తాము కాము, తెర యార్పిన పిదప నెవరికి నేమి నష్టమనుట మూడవది.

మొదటి వాదమును మేము సంతోషముతో అంగీకరించుచున్నాము. అంగీకరింపమేని మేము కృష్ణాతీరపు వారము కాము. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములను తెల్లవార్లు కూర్చుండి చూచిన జనము మనది. రాయబార ఘట్టమున శ్రీకృష్ణుడు ఎంత చక్కగా పాడినను, ఎదుట తగిన దుర్యోధనుడు లేకున్న ఆ రాత్రి వృథా యని మన పల్లెటూరి రైతు సయితము చెప్పగలడు. మాధవపెద్ది వెంకటరామయ్యగారి పేరు చెప్పగనే పాతతరము రసికులకు దుర్యోధనుడే స్ఫురించెడివాడు. నూజివీడున పుట్టిన ఎస్. వి. రంగారావుగారి కీర్తిలో పెద్దపాలు 1963 నాటి 'నర్తనశాల'లోని కీచకునిది. నిమ్మకూరున పుట్టిన నందమూరి తారక రామారావుగారు 1977లో 'దాన వీర శూర కర్ణ' చిత్రమున శ్రీకృష్ణుని వేషముతోను, కర్ణుని వేషముతోను తృప్తిపడక, దుర్యోధనుని వేషమును గూడ తామే ధరించిరి. దుష్టపాత్ర ధరించినందున వీరిలో నెవరి గౌరవమును తరుగలేదు. పిల్లవాడు ఆటలో రాక్షసుడైనంతనే నిజముగా రాక్షసుడగునని భయపడి చేతిలోని ఫోను లాగికొను తలిదండ్రులు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలయును.

అయితే మన రంగస్థలపు దుర్యోధనునికిని, గిల్డులోని దుర్యోధనునికిని గొప్ప భేదము కలదు. మన దుర్యోధనుడు ఓడుటకు ఒప్పుకొని రంగమెక్కును. తొడలు విరుగునని అతనికి తెలియును, చూచువారికిని తెలియును. అతడు చూపు గర్వమంతయు ఆ పతనమునకు ముందుగా చెల్లించిన మూల్యము. గిల్డువారు గర్వమును మాత్రము పుచ్చుకొని పతనమును విడిచిపెట్టుచున్నారు. బలవంతుడు కనబడిన తొలగిపోయి, నిన్న చేరిన క్రొత్తవానిపై పదిమంది పడుదురు. నాయకునికై ప్రతినాయకుడు పుట్టెనని చెప్పువారు నాయకుని కొరకే గదా వెదకవలయును? అశక్తుని కొరకు వెదకనేల? సమబలులతో తలపడి, ఓడినప్పుడు తలవంచు దుష్టపక్షములును కొన్ని గలవు. వారితో మాకు వైరము లేదు. ఓటమికి సిద్ధపడనివానిని మాత్రము ప్రతినాయకుడనుటకు మాకు నోరు రాదు. వానికి మన భాషలో దారిదోపిడిగాడను పేరున్నది.

దుష్టవేషము లోకమున కెట్లు ఉపకరించునో తెలియుటకు మన కూచిపూడి భాగవతుల కథ చాలును. మాచుపల్లి కైఫియతు చెప్పు వృత్తాంతమిది. సిద్ధవటపు సీమ నేలుచుండిన సమ్మెట గురవరాజు ధనమునకై స్త్రీలను సయితము చిత్రహింసల పాలుచేయుచుండెనట. ఆ దారిని పోవుచు ఆ ఘోరమును చూచిన భాగవతులు విజయనగరము చేరి, వీరనరసింహరాయల ఎదుట కేళిక పట్టినపుడు, ఒకడు గురవరాజై, ఒకడు హింసపడు స్త్రీయై ఆ దుర్మార్గమును కన్నులకు కట్టించిరి. రాయలు విషయము గ్రహించి విచారించి గురవరాజును దండించెను. దుర్మార్గుని వేషము వేసిన ఆ భాగవతుడు తన హింసను ఎవరిపైకి త్రిప్పెను? నిజముగా హింసపడుచున్నవారిపైకి కాదు, హింసించువానిపైకి. ఆ వేషము బలహీనునికి నోరైనది. ఉపకారమను మాట నుచ్చరించు గిల్డులు ఇట్టి ఉపకారము నొక్కదానిని చూపగలవా?

రెండవ వాదము బలమైనది. నియమమునకు లోబడి చేసినది తప్పెట్లగునని యడుగగనే పెక్కుమంది నోరు మూసికొందురు. మన భాషలో దీనికి జవాబు నన్నయభట్టు కాలమునుండియు ఉన్నది. సభాపర్వమున జరిగినదియు ఒక ఆటయే. పిలుపు వచ్చినది, ధర్మరాజు ఒప్పుకొని వచ్చి కూర్చుండెను, పాచికలు నిండుసభలో పడినవి, ప్రతి పందెమునకును ఓడినవాని సమ్మతి కలదు. ఆడితివి, ఓడితివి, చెల్లింపుమనుటకంటె దుర్యోధనపక్షము చెప్పినది వేరొండు లేదు. ఆ సభను నిలువున చీల్చినది ద్రౌపది ప్రశ్న. తన్నోడిన పిదప ధర్మరాజు నన్నోడెనా, నన్నోడిన పిదప తన్నోడెనా యని యామె యడిగెను. పైకి చట్టపు చిక్కువలె కనబడు ఆ ప్రశ్నలోని జీవము వేరు. ఆమె పాచిక ముట్టలేదు. ఆడనివారిని ఆట గెలుచుకొనజాలదు. ఆనాడు భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనగా, కౌరవ సోదరులలో వికర్ణుడొక్కడే లేచి ఇది అధర్మమనెను. నియమము తప్పలేదను మాట కురుసభకు రక్షణ కాలేదు, గిల్డులకు మాత్రమెట్లగును?

ఈ కొలతతో రెండు ప్రసిద్ధ సంఘటనలను కొలిచి చూతము. ఐస్లాండు దేశపువారు 2003లో వెలువరించిన 'ఈవ్ ఆన్‌లైన్' అను ఆటలో వంచన నిషిద్ధము కాదు. ఆ సంగతి ఆడువారందరు నెరిగినదే. 2005లో 'గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్' అను జట్టు, ప్రత్యర్థుల సంస్థలో ఇంచుమించు ఒక సంవత్సరము మిత్రులవలె మెలగి, ఒక్కదినమున దాని నాయకురాలి పాత్రను కూల్చి, భాండాగారములను కొల్లగొట్టెను. ఆ యాటలోని సొత్తు విలువ పదహారువేల డాలర్లకు పైబడునని పత్రికలు అంచనా వేసినవి. ఏడాదిపాటు స్నేహము నటించుట మనస్సునకు రుచింపని పనియే. అయినను ఓడినవారు కూడ అదే యుద్ధమునకు ఆయత్తపడి వచ్చిన ఆటగాండ్రు. గూఢచారులు గల రాజ్యములో రాజగుటకు ఒప్పుకొనినవాడు గూఢచారిచే మోసపోయిన, దానిని ఆటలోని ఓటమి యనవచ్చును.

రెండవది వేరు. 2004లో వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అను ఆటలో, నిజజీవితమున మరణించిన ఒక స్త్రీకై 2006లో ఆమె మిత్రులు ఆటలోనే ఒకచోట కూడి, ఆమె ధరించుచుండిన పాత్ర యెదుట వరుసగా నిలిచి నివాళి యర్పింపబూనిరి. ఆ సంగతిని ముందుగా బహిరంగముగా ప్రకటించిరి. 'సెరెనిటీ నౌ' అను గిల్డు అది తెలిసికొని, సరిగా ఆ వేళకే దండెత్తి వచ్చి, యుద్ధమునకు సిద్ధముగాలేని ఆ దుఃఖితుల పాత్రలను కూల్చి, ఆ దృశ్యమును చలనచిత్రముగా కూర్చి లోకమునకు ప్రదర్శించెను. ఆ ప్రదేశము ఇరుపక్షములవారును పోరాడుకొనదగిన తావే. నియమభంగ మించుకయు లేదు. ఆ పట్టుతోనే నేటికిని ఆ గిల్డును సమర్థించువారు కలరు. మేమడుగునది ఒక్కటియే: ఆ క్షణమున ఆ వరుసలో నిలిచినవారు ఆడుచుండిరా? వారు తెరపై నుండిరి గాని ఆటలో లేరు. మృతురాలి కొరకు మౌనముగా నిలుచుట ఏ దేశమునను ఆట కాదు. శ్మశానము దారి ప్రక్కనే యున్నదని శవయాత్రపై రాళ్లు రువ్వువాడు, రోడ్డు అందరిదియే గదా యని చెప్పిన మన మూరకుందుమా?

ఇక మూడవ వాదము. చేసినది పాత్రయే, తాము కామని వారందురు. దీనికి మన అలంకారశాస్త్రమే సమాధానము చెప్పుచున్నది. రంగముపై క్రోధమును, శోకమును చూచి ప్రేక్షకుడు ఆనందించుట ఎట్లు పొసగును? అవి ఎవరి సొంత క్రోధమును, సొంత శోకమును కాకపోవుటచేతనే. భట్టనాయకుడు దీనికి సాధారణీకరణమని పేరు పెట్టెను. కీచకుడు పట్టునది సైరంధ్రి చేయి. ఆ వేషము వేసిన నటి మణికట్టు నిజముగా విరిగినచో నాటకము ఆగవలసినదే. గిల్డులవారు పొందు రసమేది? అవతలి పాత్ర చచ్చిన వారికి చాలదు. అవతలి మనిషి ఏడ్చెనని, విసిగి ఆట మానివేసెనని తెలిసినగాని వారి యానందము పండదు. చేసినది పాత్రయైనచో ఏడ్చినదియు పాత్రయే కావలయును గదా! తమ వంతునకు పాత్రయట, అవతలివాని వంతునకు మనిషియట! కొనునపుడొక రాయి, అమ్మునపుడొక రాయి వాడు వర్తకుని త్రాసు ఇట్టిదే.

ఈ జట్టులవారిలో కొందరు మరియొక వేషము గూడ వేయుదురు. మంచి యనునది బలవంతులు తమకు పెట్టుకొనిన పేరని, దానిని ధిక్కరించు తాము విప్లవకారులమని వారందురు. ఈ మాట కృష్ణామండలమున చెల్లదు. అంగలూరున పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) 'కురుక్షేత్ర సంగ్రామము'న దుర్యోధనుని పక్షమున వాదించిరి. 'శంబుకవధ'లో రాముని తీర్పునే నిలదీసిరి. వారి సిద్ధాంతములను అంగీకరించువారును గలరు, నిరసించువారును గలరు. అయినను వారి కలము ఎవరి వైపు నిలిచినది? పురాణమున నోరులేక చచ్చినవాని వైపు. పూజింపబడువానిని ప్రశ్నించుట యొకటి, పడిపోయినవానిని తన్నుట యొకటి. రెండింటికిని తిరుగుబాటను ఒకే పేరు పెట్టరాదు.

మా మాటలు కేవలము పంతులవారి నీతిబోధ యని తోసిపుచ్చువారికి ఆటల చరిత్రయే సాక్ష్యము చెప్పగలదు. 1997లో వెలువడిన 'అల్టిమా ఆన్‌లైన్' అను ఆటలో ఊరు దాటిన క్రొత్తవారిని చంపి దోచుట నిత్యకృత్యమై, జనులు విసిగి వెడలిపోవుచుండిరి. దాని యజమానులు 2000లో ఆ లోకమునే రెండుగా చేసి, సమ్మతి లేనిదే ఎవరును ఎవరిపై చేయిచేసికొనరాని లోకమొకటి, వెనుకటి పద్ధతియే సాగు లోకమొకటి ఏర్పరచిరి. ఆటగాండ్రలో అధికసంఖ్యాకులు శాంతలోకమునకు తరలిరి. ఆటలో చేరుటయే సమ్మతి యని చెప్పిన వాదము ఆనాడే కూలినది. నిజముగా అడిగినపుడు జనులు నిజముగానే జవాబు చెప్పిరి. వెనుకటి లోకమున మిగిలినవారు ఇష్టపడి మిగిలినవారు. వారు ఒకరి నొకరు ఎంత దోచుకొనినను మనకు పని లేదు.

దీనికి చట్టము మందు కాదు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలను గూర్చి చట్టము చేసినది. అది ధనము పణముగా పెట్టు ఆటలను నిషేధించి, పోటీక్రీడలైన ఇ-స్పోర్ట్సును ప్రోత్సహింపదలచినది. పోయిన ధనమును చట్టము లెక్కింపగలదు. ఆటమాటున చేసిన అవమానమును లెక్కింపలేదు. ఆ పని ఇంటను, బడిలోను జరుగవలయును. ఒకప్పుడు మన బడుల వార్షికోత్సవములలో పిల్లలు నాటకములాడెడివారు. కీచకుని వేషము వేసిన పిల్లవాడు, ప్రక్కవాని చేయి నొప్పింపక కోపము నటించుట నేర్చుకొనెడివాడు. తెర దిగగానే సైరంధ్రి వేషగానితో కలసి ఒకే పొట్లములోని పకోడీలు తినెడివాడు. దుష్టపాత్ర నెట్లు ధరింపవలెనో తెలియుటకు అంతకుమించిన శిక్షణ మేమెరుగము. నేడు ఆ నాటకములు అనేకచోట్ల మూలబడినవి. వానిని లేవనెత్తుట ఉపాధ్యాయులమైన మా కర్తవ్యము; చూడ వచ్చుట తలిదండ్రుల కర్తవ్యము.

యువకులారా! రాక్షసులు కండు, దొంగలు కండు, దుర్యోధనులు కండు, మేము వలదనము. ఎదుట నున్నవాడు తానును ఆడుచున్నాడా లేదా యని మాత్రము ప్రతి పర్యాయము చూచుకొనుడు. ఆడుచున్నవానిని ఓడించిన అది ఆట. ఆడనివానిని ఓడించితినని మీసము దువ్వువాడు కురుసభలో ఏ వరుసన కూర్చుండదగినవాడో మీరే నిర్ణయింపుడు.