హార్వర్డ్ వసతి గది, అండమాన్ తీరం

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్క్ జుకర్‌బర్గ్ 2004 ఫిబ్రవరి 4న సహాధ్యాయుల కోసం ‘ది ఫేస్‌బుక్’ను ప్రారంభించిన సంగతి విదితమే. మార్చి నాటికి అది స్టాన్‌ఫర్డ్, కొలంబియా, యేల్ విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. 2006 సెప్టెంబరులో 13 ఏళ్లు నిండిన వారందరికీ ప్రవేశం లభించింది. దీనిని ప్రతిభకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి. వసతి గదులకు అప్పటికే వేగవంతమైన ఇంటర్నెట్ అంది ఉండటమే ఆ విద్యార్థుల అసలు మూలధనమన్న విషయం మాత్రం మరుగున పడుతోంది.

ఆ మూలధనం అండమాన్, నికోబార్ దీవుల విద్యార్థులకు చిరకాలం దక్కలేదు. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ వారిలో ఉన్నారు. ప్రధాన భూభాగంతో అనుసంధానానికి వారు ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడవలసి వచ్చింది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, మరో ఏడు దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల మేర సముద్ర గర్భంలో వేసిన కేబుల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించినది 2020 ఆగస్టు 10న. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టి పదహారేళ్లు!

2011 జనాభా లెక్కల ప్రకారం నాలుగు లక్షల మంది కూడా లేని దీవులకు ప్రైవేటు సంస్థలు ఇంత వ్యయం భరిస్తాయనుకోవడం అత్యాశే. సుమారు రూ.1,224 కోట్లు ప్రభుత్వమే వెచ్చించడం సబబు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. కేబుల్ ఎన్ని దీవులను తాకిందన్నది సరే, కళాశాలల వసతి గదులు ఎన్నింటికి ఆ వేగం అందిందో పాలనా యంత్రాంగం లెక్క చెప్పాలి.